టీమ్స్ కాల్‌లో గొంతు తెగుతోంది: వైఫైలో దేనికి ప్రాధాన్యం ఇవ్వాలి, ఏ పోర్టులు తెలిసి ఉండాలి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. వరంగల్‌లో రెండంతస్తుల ఇల్లు, 60 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్, స్పీడ్ టెస్ట్‌లో అప్‌లోడ్ 20 దాకా వస్తోంది. మీ ఆఫీసు ల్యాప్‌టాప్, మీ శ్రీమతి గారి ఆన్‌లైన్ ట్యూషన్లు, బాబు గేములు, టీవీ, నాలుగు వైఫై కెమెరాలు, అన్నీ ఒకే కనెక్షన్ మీద. సాయంత్రం టీమ్స్ మీటింగ్‌లో అవతలివాళ్ల మాట మీకు బాగానే వినిపిస్తోంది, మీ గొంతే వాళ్లకి ముక్కలు ముక్కలుగా వెళ్తోంది. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్ ముందు వెళ్లాలో చెప్పే) పేజీ తెరిస్తే పోర్ట్ నంబర్లు (ప్యాకెట్ ఏ సర్వీసుదో చెప్పే సంఖ్యలు) అడుగుతోంది, ఏవి పెట్టాలో తెలియడం లేదు. కంప్యూటర్ షాపతను మాత్రం పోర్ట్ ఫార్వర్డింగ్ చేస్తే చాలన్నాడు.

షాపతను చెప్పింది దయచేసి చేయకండి. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఇంటర్నెట్‌లో ఉన్న ఎవరైనా సరే మీ ఇంట్లోని ఒక పరికరం దగ్గరికి నేరుగా రావడానికి దారి తెరవడం. టీమ్స్ కాల్‌లో ముందుగా బయటికి వెళ్లేది మీ ల్యాప్‌టాపే. లోపలినుంచి ప్యాకెట్ (డేటా చిన్న ముక్క) బయటికి వెళ్లగానే, దాని జవాబు తిరిగొచ్చే దారిని రౌటర్ తనంతట తనే గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి ఫార్వర్డింగ్ వల్ల కాల్‌కి వేగమూ పెరగదు, వరుసలో ముందు చోటూ దొరకదు. దానివల్ల వచ్చే నష్టం ఏమిటో చివర్లో రాస్తాను.

ఇక ప్రాధాన్యం విషయం. ప్రాధాన్యం ఇస్తే వేగం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది చేసే పని ఒకటే: క్యూ కట్టినచోట ఎవరు ముందు వెళ్లాలో నిర్ణయించడం. టోల్ ప్లాజా దగ్గర అంబులెన్స్‌కి వేరే లేన్ ఉంటుంది. బండ్లు మాత్రం అంతకు కిలోమీటరు ముందే ఇరుకు వంతెన దగ్గర ఆగిపోయాయనుకోండి, ఆ లేన్ ఎంత ఖాళీగా ఉన్నా అంబులెన్స్‌కి ఉపయోగం లేదు. మీ రౌటర్‌లో క్యూఓఎస్ పరిస్థితి కూడా అంతే. క్యూ ఎక్కడుందో తేల్చుకోకుండా పోర్ట్ నంబర్లు ఎన్ని నింపినా ఫలితం కనిపించదు.

మీ చేతిలో ఉన్నంతవరకు ప్యాకెట్లు ఆగే చోట్లు రెండు. ఒకటి, ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య గాలిలో. రెండు, రౌటర్ నుంచి బయటికి వెళ్లే అప్‌లోడ్‌లో. ఏదో తెలుసుకోవడానికి ఏ యాప్ కొనక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో రెండు కమాండ్ ప్రాంప్ట్ విండోలు తెరవండి. ఒకదాంట్లో రౌటర్ అడ్రస్‌కి (చాలావాటికి 192.168.1.1 లేదా 192.168.0.1), రెండోదాంట్లో 8.8.8.8కి (గూగుల్ సర్వర్) పింగ్ పెట్టండి, అవతలినుంచి జవాబు ఎంతసేపట్లో వస్తుందో అది చూపిస్తుంది. చివర మైనస్ టీ (-t) చేరిస్తే మీరు ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. ఇంట్లో ఎవరూ ఏమీ వాడనప్పుడు రౌటర్ నుంచి జవాబు 2 నుంచి 5 మిల్లీసెకన్లలో, బయటినుంచి ఒక 10 నుంచి 30లో వస్తే మామూలే. ఇప్పుడు ఒక ఫోన్ నుంచి పెద్ద వీడియో ఒకటి గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టి, రెండు విండోలనీ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

రౌటర్ పింగ్ 4 దగ్గరే నిలకడగా ఉండి, 8.8.8.8 పింగ్ మాత్రం 20 నుంచి 300, 500కి ఎగబాకిందంటే క్యూ అప్‌లోడ్‌లో ఉంది. రౌటర్ పింగే 3, 80, 5, 210 అని ఎగిరెగిరి పడుతుంటే, మధ్యలో రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ కూడా వస్తుంటే తప్పు గాలిలో ఉంది, క్యూఓఎస్ పేజీ జోలికి ఇప్పుడే పోవద్దు. రెండూ బాగుండి కాల్ మాత్రమే తెగుతుంటే ఆఫీసు వీపీఎన్‌ని (ట్రాఫిక్‌ని ఆఫీసు నెట్‌వర్క్ గుండా పంపే సొరంగం) అనుమానించాలి. అవతలివాళ్ల మాట మీకు బాగా వస్తోందనీ, మీ గొంతే తెగుతోందనీ రాశారు కాబట్టి నా అంచనా అప్‌లోడే.

ఎందుకలా అవుతుందో చెప్తాను, ఇది తెలిస్తే మిగతాదంతా తేలిక. అప్‌లోడ్ నిండిపోయినప్పుడు పంపాల్సిన ప్యాకెట్లను పారేయడం ఇష్టంలేక రౌటర్, లేదా దాని పక్కనున్న ఫైబర్ డబ్బా, తన బఫర్‌లో పోగేసుకుంటూ పోతుంది. ఆ బఫర్ ఒక మెగాబైట్ అనుకుందాం. అంటే 8 మెగాబిట్లు. మీ అప్‌లోడ్ సెకనుకి 20 మెగాబిట్లు. కొత్తగా వచ్చిన ప్యాకెట్ తన వంతు కోసం 0.4 సెకను నిలబడాలి. అంటే 400 మిల్లీసెకన్లు. మాటల సంభాషణ సహజంగా సాగాలంటే ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికాం ప్రమాణం జీ.114 చెబుతుంది. మీ గొంతుకి కావలసిన బ్యాండ్‌విడ్త్ అంతా కలిపి 100 కేబీపీఎస్ చుట్టుపక్కలే. అంటే మీ 20 ఎంబీపీఎస్‌లో 200వ వంతు. చోటు లేక కాదు, బాబు ఫోన్‌లోని ఫొటోల బ్యాకప్ వెనకాల నిలబడాల్సి వచ్చి మీ గొంతు తెగుతోంది. అప్‌లోడ్ ఇలా మూసుకుపోతే డౌన్‌లోడ్ కూడా మందగిస్తుంది, ఎందుకంటే ‘అందింది’ అని మీ వైపు నుంచి వెళ్లాల్సిన చిన్న చిన్న రసీదులు కూడా అదే క్యూలో చిక్కుకుంటాయి.

ఈ జబ్బుకి బఫర్‌బ్లోట్ అని పేరు. 2010లో జిమ్ గెటీస్ అనే ఇంజనీరు తన ఇంటి కనెక్షన్‌లోనే దీన్ని గమనించి, తీగ లాగినట్టు మూలం దాకా వెళ్లి బయటపెట్టాడు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్‌సన్ దీనికి కోడెల్ అనే పద్ధతి ఇచ్చారు. క్యూ ఎంత పొడవుందని కాకుండా ప్యాకెట్ ఎంతసేపు క్యూలో నిలబడిందో చూసి, ఆలస్యం ఎక్కువైతే పంపేవాళ్లకి ‘కాస్త నెమ్మదించు’ అని సూచన ఇస్తుంది. దానికే ఒక్కో కనెక్షన్‌కి విడి వరుస ఇచ్చే పద్ధతిని జోడిస్తే ఎఫ్‌క్యూ కోడెల్. దాని తర్వాత వచ్చిన కేక్ 2018లో లినక్స్ 4.19తోపాటు అందరికీ అందుబాటులోకి వచ్చింది. మీ రౌటర్‌లో ఎస్‌క్యూఎమ్ (క్యూని ఇలా తెలివిగా నడిపే ఏర్పాటు) అన్న మాట గాని, ఈ పేర్లు గాని కనిపిస్తే మీ పని సగం అయిపోయినట్టే. అందులో పోర్ట్ నంబర్లే అక్కర్లేదు. తక్కువ తక్కువగా, ఆగి ఆగి వచ్చే ప్యాకెట్లు (మీ గొంతు, గేమ్, సైట్ పేరుకి అడ్రస్ వెతికే డీఎన్ఎస్) వాటంతటవే ముందుకు వెళ్తాయి, కుప్పలుగా వచ్చేవి వెనక్కి వెళ్తాయి. ఇల్లయినా చిన్న ఆఫీసయినా నేను ముందు వెతికేది ఇదే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్‌లో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) పడే రౌటర్ దాదాపు ఏదైనా దీన్ని నడపగలదు.

ఎస్‌క్యూఎమ్ ఉన్నా, పాత తరహా క్యూఓఎస్ ఉన్నా, ఒక పని మాత్రం తప్పనిసరి. రౌటర్‌కి మీ లైన్ అసలు వేగం కంటే కొంచెం తక్కువ చెప్పాలి. ఇది వినగానే అందరూ అడ్డం తిరుగుతారు, డబ్బు కట్టిన వేగాన్ని మనమే తగ్గించుకోవడం ఏమిటని. కారణం పైన చెప్పిన వంతెనే. మీ రౌటర్ 20 పంపినంతకాలం క్యూ మీ రౌటర్‌లో కట్టదు, దాని తర్వాతి డబ్బాలో కడుతుంది. అక్కడ మీ రూల్స్ చెల్లవు. రౌటర్ 18కి మించి పంపకపోతే క్యూ మీ రౌటర్‌లోనే కడుతుంది, అప్పుడు ఎవరు ముందు వెళ్లాలో చెప్పే అధికారం మీకు వస్తుంది. పొద్దున, రాత్రి తొమ్మిదింటికి, ఆదివారం మధ్యాహ్నం, ఇలా వేర్వేరు వేళల్లో కేబుల్ పెట్టి స్పీడ్ టెస్ట్ చేయండి. అన్నిటికంటే తక్కువ వచ్చినదానిలో 85 నుంచి 95 శాతం పెట్టండి. మీకు అప్‌లోడ్ 18, డౌన్‌లోడ్ 54 దగ్గర మొదలుపెట్టవచ్చు. చాలా రౌటర్లలో ఆ గడి కేబీపీఎస్‌లో ఉంటుంది, అక్కడ 18 అని కొడితే ఇల్లంతా ఆగిపోతుంది. 18000, 54000 అని కొట్టాలి.

పింగ్ విండోలు మూయకుండానే ఈ మార్పు చేసి చూడండి. అప్‌లోడ్ నడుస్తుండగానే 400లు కాస్తా 30, 40కి దిగివస్తాయి. దిగకపోతే సంఖ్యని ఇంకొంచెం తగ్గించండి. అప్పటికీ దిగకపోతే కింద చెప్పే రెండు డబ్బాల సంగతి చూసుకోవాలి.

మన ఊళ్లలో చాలా ఇళ్లలో రెండు డబ్బాలుంటాయి. కనెక్షన్ ఇచ్చినవాళ్లు గోడకి బిగించిన ఫైబర్ డబ్బా ఒకటి, సిగ్నల్ పైఅంతస్తుకి రావడం లేదని మనం కొని తగిలించుకున్న రౌటర్ ఒకటి. రెండిటికీ వైఫై ఉంటుంది, రెండు వేర్వేరు పేర్లు కనిపిస్తాయి. మీరు మీ రౌటర్‌లో క్యూఓఎస్ ఎంత శ్రద్ధగా పెట్టినా, బాబు ఫోన్, టీవీ గోడమీది డబ్బా వైఫైకి కలిసి ఉంటే అవి మీ రౌటర్‌ని తాకకుండానే బయటికి వెళ్లిపోతాయి. దాని కంటికి కనిపించనిదాన్ని అది ఆపలేదు. అందుకని ఫైబర్ డబ్బాలో వైఫై ఆపించి, వీలైతే దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైన్‌ని మీ రౌటర్‌కి అందించడమే చేసేలా) పెట్టించండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసేటప్పుడు ‘నా రౌటర్‌లోనే పీపీపీఓఈ లాగిన్ పెట్టుకుంటాను, మీ డబ్బాని బ్రిడ్జ్ చేయండి’ అని ఆ మాటలతోనే అడగండి (పీపీపీఓఈ అంటే కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి). కుదరదంటే కనీసం వైఫై ఆపి, అన్ని పరికరాలనూ మీ రౌటర్ వెనక్కి తెచ్చుకోండి. సగం ఇళ్ల తలనొప్పి ఇక్కడే తీరిపోవడం చూశాను.

ఇప్పుడు గాలి సంగతి. ఒక ఛానెల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి, అది వైఫై నియమం. మీ ఇంటివే కాదు, అదే ఛానెల్ మీదున్న పక్కింటి రౌటర్ కూడా ఈ వంతుల్లో భాగస్వామే. దూరంగా గేటు దగ్గర బిగించిన కెమెరా సిగ్నల్ సరిగా అందక 6 ఎంబీపీఎస్‌కి దిగిపోయిందనుకోండి. 1500 బైట్ల ప్యాకెట్ ఒకటి పంపడానికి దానికి 2 మిల్లీసెకన్లు పడుతుంది. రౌటర్ పక్కనే 300 ఎంబీపీఎస్ మీదున్న ల్యాప్‌టాప్‌కి అదే ప్యాకెట్, పైఖర్చులు వదిలేస్తే, 0.04 మిల్లీసెకన్ల పని. అంటే నెమ్మదిగా ఉన్న ఒక్క పరికరం 50 రెట్లు గాలిని తినేస్తుంది. మీ నాలుగు కెమెరాల రికార్డింగ్ ఇంట్లోని డీవీఆర్‌లోకే (కెమెరాల రికార్డర్) వెళ్తున్నా సరే, ఇంటర్నెట్ ఒక్క బైటు ఖర్చు కాకపోయినా గాలి మాత్రం ఖర్చవుతూనే ఉంటుంది. ఇది చాలామందికి తట్టదు.

దీనికి మందు ప్రాధాన్యం కాదు, ఎవరి చోటు వాళ్లకివ్వడం. కెమెరాలను 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంచి, మీ ల్యాప్‌టాప్‌నీ, మీ శ్రీమతి గారి ట్యాబ్‌నీ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. 2.4లో ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ మాత్రమే పెట్టి, 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే అది తీసుకోండి. రౌటర్‌లో ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్ (గాలిలో సమయాన్ని పరికరాలకి సమానంగా పంచేది) ఉంటే ఆన్ చేయండి. ఇక మీ టేబుల్ దాకా లాన్ కేబుల్ లాగే వీలుంటే అన్నిటికంటే అది మేలు. జీతం తెచ్చే యంత్రానికి కేబులే వేయమని అడిగినవాళ్లందరికీ చెప్తాను. ఆ కేబుల్ ఖర్చు కొత్త రౌటర్ ఖర్చు ముందు చాలా తక్కువ.

గాలిలో కూడా ఒక ప్రాధాన్య పద్ధతి ఉంది, పేరు డబ్ల్యూఎంఎం. రౌటర్‌లో ఈ పేరుతో ఒక టిక్ కనిపిస్తుంది. అనవసరమనుకుని దాన్ని తీసేయకండి. 802.11ఎన్, ఆ తర్వాతి వైఫైలకి ఇది తప్పనిసరి, తీసేస్తే చాలా పరికరాలు పాత 54 ఎంబీపీఎస్ స్థాయికి పడిపోతాయి. ఇది ట్రాఫిక్‌ని నాలుగు వరుసలు చేస్తుంది: వాయిస్, వీడియో, మామూలు, బ్యాక్‌గ్రౌండ్. ఛానెల్ ఖాళీ అయ్యాక ప్రతివాళ్లూ కొద్దిసేపు ఆగి, ఒక యాదృచ్ఛిక సంఖ్య తీసుకుని లెక్కపెట్టి, ఎవరి లెక్క ముందు ముగిస్తే వాళ్లు మాట్లాడతారు. మామూలు వరుస వాళ్లు 0 నుంచి 15 మధ్య సంఖ్య తీసుకోవాలి. వాయిస్ వరుస వాళ్లు 0 నుంచి 3 మధ్యే తీసుకుంటారు. అందుకే ఎక్కువసార్లు వాళ్లే గెలుస్తారు. మొత్తం కిటుకు ఇంతే.

అయితే ఏ ప్యాకెట్ ఏ వరుసలోకి వెళ్లాలో ఎవరు చెబుతారు? ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కి వెళ్లేటప్పుడు రౌటర్ ఏమీ చెప్పలేదు, అప్పటికింకా ప్యాకెట్ దాని చేతికే రాలేదు కదా. చెప్పాల్సింది ల్యాప్‌టాపే. ప్యాకెట్ మీద డీఎస్‌సీపీ అనే ఒక ముద్ర ఉంటుంది. గొంతుకి 46, వీడియోకి 34 అన్నది వాడుక. విండోస్‌లో మామూలుగా ఈ ముద్ర పడదు. క్యూఓఎస్ పాలసీ ద్వారా వేయించాలి. టీమ్స్‌కి మైక్రోసాఫ్ట్ సూచించిన లెక్క ప్రకారం మీ ల్యాప్‌టాప్ వైపు ఆడియో 50000 నుంచి 50019, వీడియో 50020 నుంచి 50039, స్క్రీన్ షేరింగ్ 50040 నుంచి 50059 పోర్టులు వాడుతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ కాబట్టి మీరే మార్చలేకపోవచ్చు. మీ ఐటీ వాళ్లకి ఈ సంఖ్యలు చూపించి అడగండి, వాళ్లకి ఇది కొత్త కాదు. ఒక చిన్న సంగతి. 46ని బిట్లలో రాస్తే 101110. పాత రౌటర్లు అందులో మొదటి మూడు బిట్లు, అంటే 5 మాత్రమే చూసి ఆ గొంతుని వాయిస్‌లో కాకుండా వీడియో వరుసలో వేస్తాయి. 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8325 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దీన్ని సరిదిద్దింది. వీడియో వరుసలో పడ్డా మామూలు కంటే ముందే కాబట్టి దీనికోసం రౌటర్ మార్చనక్కర్లేదు. ఇల్లు దాటాక చాలా నెట్‌వర్కులు ఈ ముద్రని చెరిపేస్తాయి, అందుకని దీని లాభం ఇంట్లో గాలివరకే అనుకోండి.

ఇప్పుడు మీరు అడిగిన పోర్టుల దగ్గరికి వద్దాం. ఐపీ అడ్రస్ ప్యాకెట్‌ని సరైన కంప్యూటర్‌కి చేరుస్తుంది, పోర్ట్ నంబర్ ఆ కంప్యూటర్‌లో ఏ సర్వీసుకో చెబుతుంది. 16 బిట్ల సంఖ్య, 0 నుంచి 65535 దాకా. 1023 వరకు అందరికీ తెలిసిన సర్వీసులవి, 49151 దాకా నమోదు చేయించుకున్నవి, ఆపైవి అప్పటికప్పుడు వాడి వదిలేసేవి. ఈ జాబితాని ఐయానా అనే సంస్థ నిర్వహిస్తుంది. ఒకప్పుడు ఈ నంబర్ల లెక్కంతా జాన్ పోస్టెల్ ఒక్కరే చూసేవారు. 1995లో టాటు యిలోనెన్ అనే ఫిన్లాండ్ ప్రోగ్రామర్ తన ఎస్ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) కోసం, ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ 21కీ, రక్షణ లేని పాత లాగిన్ పద్ధతి టెల్నెట్ 23కీ మధ్య ఖాళీగా ఉన్న 22 ఇమ్మని అడిగాడు, ఇచ్చేశారు. ఈ రోజుకీ అదే.

క్యూఓఎస్ పేజీలో రెండు గడులుంటాయి, సోర్స్ పోర్ట్, డెస్టినేషన్ పోర్ట్. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. మీ బ్రౌజర్ ఒక వెబ్‌సైట్‌కి వెళ్లేటప్పుడు అవతలి పోర్ట్ 443. మీ వైపు పోర్ట్ మాత్రం 49152 పైన ఏదో ఒకటి, ప్రతిసారీ మారుతుంది. అందుకని రూల్‌లో 443ని సోర్స్‌లో పెడితే మీ ఇంటినుంచి వెళ్లే ఏ ప్యాకెట్‌కీ అది తగలదు. రూల్ ఉంటుంది, పని మాత్రం చేయదు. మీరు వేరే సర్వీసుని వాడేటప్పుడు దాని నంబర్ డెస్టినేషన్ గడిలో పడాలి. దానితోపాటే ప్రోటోకాల్ గడి: టీసీపీనా (పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపేది) యూడీపీనా (పంపనిది) అన్నది. కాల్స్ దాదాపు ఎప్పుడూ యూడీపీలోనే, ఎందుకంటే పోయిన మాటని అర సెకను తర్వాత మళ్లీ తెప్పించుకుని ప్రయోజనం లేదు.

టీమ్స్‌కి అవతలి వైపు యూడీపీ 3478 నుంచి 3481. ఇందులో 3479 ఆడియో, 3480 వీడియో, 3481 స్క్రీన్ షేరింగ్. గూగుల్ మీట్‌కి యూడీపీ 3478, దాంతోపాటు 19302 నుంచి 19309. జూమ్‌కి యూడీపీ 8801 నుంచి 8810, 3478, 3479. వాట్సాప్ కాల్ కూడా 3478 వాడుతుంది. ఫోన్‌లో సిగ్నల్ లేక వైఫై కాలింగ్ పెట్టుకుంటే అది యూడీపీ 500, 4500లో వెళ్తుంది. లోపలి గదుల్లో టవర్ అందని ఇళ్లలో దీనికి తప్పకుండా ప్రాధాన్యం ఇవ్వండి, ఇంట్లో పెద్దవాళ్ల మామూలు ఫోన్ కాల్స్ కూడా ఇప్పుడు దీనిమీదే నడుస్తున్నాయి. డీఎన్ఎస్ 53ని కూడా పై వరుసలో ఉంచండి. చాలా చిన్నది, కానీ ఏ పేజీ తెరుచుకోవాలన్నా ముందు దాని జవాబు రావాలి.

మిగతావి తెలిసి ఉంటే చాలు, రూల్ అక్కర్లేదు. వెబ్ 80, 443. మెయిల్ పంపడానికి 587, 465. చదవడానికి ఐమ్యాప్ 993, పాప్ 995. మెయిల్ సర్వర్లు వాటిలో అవి మాట్లాడుకునేది 25. గడియారం సరిచేసేది 123. వైఫైలో చేరగానే ఐపీ అడ్రస్ ఇచ్చేది 67, 68. కెమెరా వీడియో 554. విండోస్ ఫైల్ షేరింగ్ 445, రిమోట్ డెస్క్‌టాప్ 3389. వీపీఎన్‌లలో ఓపెన్‌వీపీఎన్ 1194, వైర్‌గార్డ్ 51820.

ఇక్కడే పోర్ట్ పద్ధతి పరిమితి కూడా చెప్పాలి. ఈ రోజుల్లో యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, బ్యాంకు, ఫొటోల బ్యాకప్, మీ ఆఫీసు మెయిల్, సిలబస్ పీడీఎఫ్, అన్నీ 443లోనే వెళ్తాయి. క్విక్ ప్రోటోకాల్ 2021లో ప్రమాణం అయ్యాక యూడీపీ 443 కూడా వెబ్‌దే. కాబట్టి ‘443కి హై ప్రయారిటీ’ అని రూల్ పెడితే అందరికీ ముందు చోటు ఇచ్చినట్టు, అంటే ఎవరికీ ఇవ్వనట్టు. మీ ఆఫీసు వీపీఎన్ మొత్తం ట్రాఫిక్‌ని సొరంగంలోకి లాగేస్తే రౌటర్‌కి టీమ్స్ కనిపించనే కనిపించదు, 443 లేదా 4500 ఒక్కటే కనిపిస్తుంది. 3478 రూల్ ఎంత సరిగ్గా పెట్టినా దానికి తగిలేదేమీ ఉండదు. రౌటర్‌లో యాక్టివ్ కనెక్షన్ల జాబితా ఉంటే కాల్ నడుస్తుండగా అందులో మీ ల్యాప్‌టాప్ ఐపీ పక్కన ఏ పోర్ట్ ఉందో చూడండి. 3478 కుటుంబం కనిపించకపోతే మీది ఈ కేసే. టీమ్స్‌ని వీపీఎన్ బయటికి వదలమని ఐటీ వాళ్లని అడగవచ్చు, దాన్ని స్ప్లిట్ టన్నెలింగ్ అంటారు. మైక్రోసాఫ్టే అలా చేయమని సలహా ఇస్తుంది. వాళ్లు ఒప్పుకోకపోతే పోర్ట్ వదిలేసి పరికరానికి ప్రాధాన్యం ఇవ్వండి.

నిజానికి మీ ఇంటికి నేను పెట్టేది అదే. డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌లో (రౌటర్ పరికరాలకి ఐపీలు కేటాయించే చోటు) మీ ల్యాప్‌టాప్‌కీ, మీ శ్రీమతి గారి ట్యాబ్‌కీ మారని ఐపీలు ఇవ్వండి. ఆ రెండిటికీ ‘హై’ ప్రాధాన్యం. వాటి పైన ఒకే రూల్, యూడీపీ డెస్టినేషన్ 3478 నుంచి 3481, అందరికీ. దాని వల్ల ఇంట్లో ఎవరి టీమ్స్ కాల్ అయినా బతుకుతుంది. కెమెరాలకీ టీవీకీ ‘లో’ (తక్కువ) ప్రాధాన్యం. బాబు ఫోన్ మధ్యలో ఉంచండి. గేమ్‌కి కావలసింది తక్కువ బ్యాండ్‌విడ్త్, తక్కువ ఆలస్యం. క్యూ తగ్గితే అది కూడా బాగుపడుతుంది, వాడితో గొడవ ఉండదు. గేముల పోర్టులు ఒక్కోదానికి ఒక్కో రకం, వాటి వెంట పడకండి. చాలా రౌటర్లు రూల్స్‌ని పైనుంచి కిందికి చదువుతాయి, మొదట తగిలినదే చెల్లుతుంది, అందుకని ఇరుకైన రూల్ పైన, వెడల్పైనది కింద ఉండాలి. ఫోన్లలో చిక్కు ఒకటుంది. కొత్త ఫోన్లు వైఫైకి నకిలీ మ్యాక్ అడ్రస్ (పరికరం గుర్తింపు సంఖ్య) చూపిస్తాయి. మీ ఇంటి వైఫై వరకు ఆ ర్యాండమ్ మ్యాక్ ఆపితే రిజర్వేషన్ నిలుస్తుందన్న భరోసా ఉంటుంది. ఫొటోల బ్యాకప్‌ని రాత్రి ఛార్జింగ్ వేళకి మార్చగలిగితే ఇంకా మంచిది.

మీ 60 ఎంబీపీఎస్‌కి ఇబ్బంది రాదు గాని, రేపు 300 ప్లాన్‌కి మారితే ఒకటి గమనించండి. క్యూఓఎస్ ఆన్ చేయగానే చాలా చవక రౌటర్లలో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (ప్యాకెట్లని చిప్ నేరుగా దాటించే పద్ధతి) ఆగిపోయి, ప్రతి ప్యాకెట్‌నీ ప్రాసెసరే మోయాల్సి వస్తుంది. వేగం సగానికి పడితే లైన్ వాళ్లని తిట్టకుండా ముందు అది చూడండి.

చివరగా ఫార్వర్డింగ్. షాపతను ఇప్పటికే పెట్టేసి వెళ్లాడేమో చూసుకోండి. బయటినుంచి దారి తెరిచే వర్చువల్ సర్వర్, డీఎంజెడ్, యూపీఎన్‌పీ పేజీలు మూడూ తెరిచి, మీరు పెట్టని ఎంట్రీ ఏదున్నా తీసేయండి. 23, 445, 3389, 554 గాని, డీవీఆర్‌లకి వాడే 8000, 37777 గాని బయటికి తెరిచి ఉంటే మరీ ప్రమాదం. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ టెల్నెట్ 23, 2323 తెరిచి ఉన్న కెమెరాలూ డీవీఆర్‌లలోకి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే దూరి, వాటితో ఇంటర్నెట్‌లో పెద్ద పెద్ద సైట్లనే పడగొట్టింది. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై అనే మాల్‌వేర్ 445 దారిన పాకింది, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కాయి. మీ కెమెరాలను ఊరినుంచి చూడాలంటే వాటి కంపెనీ యాప్ సరిపోతుంది, లేదా వైర్‌గార్డ్ పెట్టుకుని ఇంట్లోకి రండి. ఒకవేళ రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (బయటి వైపు అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరు సీజీనాట్ (ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలా ఇళ్లు పంచుకునే ఏర్పాటు) వెనక ఉన్నట్టు. అప్పుడు షాపతను పెట్టిన ఫార్వర్డింగ్ ఎలాగూ బయటినుంచి పనిచేయదు.

డీవీఆర్ పాస్‌వర్డ్ ఇంకా కొన్నప్పటిదే ఉంటే ఈ రాత్రే మార్చండి. రౌటర్ మోడల్ పేరు, ఖాళీగా ఉన్నప్పుడూ అప్‌లోడ్ నడుస్తున్నప్పుడూ వచ్చిన రెండు పింగ్‌ల ఫొటోలు, కాల్ సమయంలో కనెక్షన్ల జాబితా ఇక్కడ పెట్టండి. ఏ గడిలో ఏం కొట్టాలో మీ రౌటర్ పేజీ ప్రకారమే చెప్తాను.